11 ఏళ్ల అబ్బాయికి ఏ పుస్తకాలు కొనాలి?

విజయవాడ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా బాబుకి 11 ఏళ్లు. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. క్రికెట్ అంటే ప్రాణం. ఫోన్ చేతిలోంచి దిగదు. నీతి కథలు, పంచతంత్రం, గొప్పవాళ్ల జీవిత చరిత్రల సెట్టు, ఒక పెద్ద ఎన్‌సైక్లోపీడియా కొన్నాం. ఏదీ పది పేజీలు దాటలేదు. వీడికి అసలు చదవడం ఇష్టం లేదేమో అనిపిస్తోంది. ఏ పుస్తకాలు కొనమంటారు?"

అమ్మా, మీరు కొన్న పుస్తకాల జాబితా చూశాక మీ బాబుకి చదవడం ఇష్టం లేదని నాకు అనిపించలేదు. ఆ పుస్తకాలన్నీ వాడు పెద్దయ్యాక ఎలా ఉండాలని మీరు కోరుకుంటున్నారో అందుకోసం కొన్నవి. ఇవాళ స్కూలు నుంచి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి, స్కోరు ఎంతని అడిగే పిల్లాడి కోసం వాటిలో ఒక్కటి కూడా లేదు. నేను చాలా ఏళ్లుగా స్కూలు లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఐదు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న మగపిల్లలకి పుస్తకాలు వెతికిపెట్టడమే నాకు ఎక్కువ ఇష్టమైన పని. మీ బాబులాంటి వాళ్లే వాళ్లలో ఎక్కువమంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ బాబు ఆలోచనకి 11 ఏళ్లు నిండాయి. నెట్ రన్‌రేట్ ఎలా లెక్కగడతారో, ఐపీఎల్ వేలంలో ఏ జట్టు ఎందుకు దెబ్బతిన్నదో మీకు విడమరిచి చెప్పగలడు. తెలుగు అక్షరం మీద వాడి కన్ను మాత్రం ఏడేళ్ల పిల్లాడిలా నడుస్తోంది. సంయుక్తాక్షరం దగ్గర ఆగుతుంది, ఒత్తు ఎవరిదో వెతుక్కుంటుంది, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. ఇందులో వాడి తప్పేమీ లేదు, వాడికి ఆ సాధన దొరకలేదంతే. ఇక్కడే పెద్దవాళ్లు తికమకపడతారు. తెలుగు రావడం లేదు కదా అని కాకి, నక్క కథల పుస్తకం చేతిలో పెడతారు. ఆరో తరగతి అబ్బాయికి అది చిన్నతనంగా ఉంటుంది. పైకి అనడు, బోర్ అంటాడు. పోనీ వయసుకి తగిన నవల ఇద్దామంటే మొదటి పేజీకే అలసిపోతాడు. అప్పుడూ బోర్ అనే అంటాడు. రెండుసార్లూ మాట ఒకటే, కారణాలు మాత్రం వేరు.

కాబట్టి రెండు రకాల పుస్తకాలు పక్కపక్కనే నడపండి. వాడి బుర్రకి తగిన పుస్తకాన్ని ఇంట్లో ఎవరో ఒకరు చదివి వినిపించాలి. వాడి కంటికి తగిన పుస్తకాన్ని వాడే చదువుకోవాలి. ఆ రెండోది కూడా పసిపిల్లల కథ కాకూడదు. మొదటిది కొన్ని నెలలు సాగితే రెండోదాని స్థాయి దానంతట అదే పెరుగుతుంది. ఎందుకంటే తెలుగు వాక్యం ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ లాగుతుందో చెవికి ముందు తెలుస్తుంది. చెవికి తెలిసిన వాక్యం మీద కన్ను తడబడదు.

ఇంత పెద్ద పిల్లాడికి చదివి వినిపించడమేమిటి అని మీవారు అనవచ్చు. వినిపించడానికి నేను మొదట చెప్పే పుస్తకం పుట్టుకే దీనికి జవాబు. 1881 వేసవిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్ అనే ఊళ్లో వాన వదలకపోతే, రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన సవతి కొడుకు లాయిడ్‌తో కూర్చుని ఒక దీవి మ్యాపు గీశాడు. ఆ మ్యాపులోంచి కథ పుట్టింది. రాసిన అధ్యాయాన్ని రాసినట్టే ఇంట్లో అందరికీ చదివి వినిపించేవాడు. లాయిడ్‌కి అప్పుడు 13 ఏళ్లు. స్టీవెన్సన్ తండ్రి, ఆ పెద్దాయన కూడా ఆ కథలో మునిగిపోయి, చచ్చిపోయిన ఓడదొంగ పెట్టెలో ఏమేం దొరకాలో తానే జాబితా రాసిచ్చాడు. అదే ట్రెజర్ ఐలాండ్. తెలుగులో నండూరి రామమోహనరావు గారు కాంచన ద్వీపం పేరుతో అనువదించారు. ఒక కుర్రాడికీ అతని తాతకీ కలిపి వినిపించడానికి రాసిన కథ అది. మీ ఇంట్లోనూ అలాగే చదవండి.

అందులో కథ చెప్పేవాడు జిమ్ అనే కుర్రాడు. పూటకూళ్ల ఇంటికి ఒక ముసలి నావికుడు వస్తాడు, ఒంటికాలి మనిషి ఎవరైనా కనిపిస్తే చెప్పమని జిమ్‌కి డబ్బులిస్తాడు. ఆ మాట వినగానే ఏ పిల్లాడైనా నిటారుగా కూర్చుంటాడు. కొంతదూరం పోయాక ఓడలో ఆపిల్ పళ్ల పీపాలో కూర్చున్న జిమ్‌కి, తాను ఎంతో నమ్మిన మనిషే తిరుగుబాటుకి పథకం వేస్తుంటే వినబడుతుంది. ఆ అధ్యాయం చదివిన రాత్రి సరిగ్గా అక్కడ ఆపేసి దీపం తీసేయండి. బతిమాలినా చదవకండి. పుస్తకం వాడి మంచం పక్కనే వదిలి వెళ్లండి. పొద్దున్నకల్లా తర్వాతి రెండు పేజీలు వాడే కూడబలుక్కుని చదివేసి ఉంటే ఆశ్చర్యపోకండి. నా దగ్గర ఎంతోమంది పిల్లలు మొదటిసారి తమంతట తాము తెలుగు పేజీ చదివింది ఇలాంటి చోటే.

చదివి వినిపించేటప్పుడు ఒకటి రెండు జాగ్రత్తలు చెప్తాను. 15, 20 నిమిషాలు చాలు. రోజూ కుదరకపోతే వారానికి నాలుగు రాత్రులు చదవండి. ఓడ భాగాల పేర్లు, పొడుగాటి వర్ణనలు వస్తే దాటేయండి, కథ ఏమీ చెడదు. అర్థం కాని మాట దగ్గర వాడు ఆపితే చెప్పండి, మీరుగా ఆగి అర్థాలు చెప్పకండి. వాడు వింటూ బంతి ఎగరేస్తున్నా, నేలమీద దొర్లుతున్నా ఏమీ అనకండి. ఈ వయసు మగపిల్లల్లో చాలామందికి చేతులు ఖాళీగా ఉంటే చెవులు పనిచేయవు.

కాంచన ద్వీపం అయ్యాక నండూరి వారిదే టామ్ సాయర్ అందుకోండి. మార్క్ ట్వైన్ మూలం 1876లో వచ్చింది. శిక్షగా కంచెకి సున్నం వేయమంటే, ఆ పనేదో గొప్ప అవకాశమన్నట్టు నటించి, ఊళ్లో పిల్లలందరి దగ్గరా వాళ్ల ఆస్తులు పుచ్చుకుని మరీ ఆ పని వాళ్లచేత చేయించిన ఘనుడు టామ్. ఆ ఘట్టం విన్న పిల్లలు మర్నాడు హోంవర్క్ విషయంలో అదే ప్రయత్నం చేస్తారు, సిద్ధంగా ఉండండి. తర్వాత శ్మశానంలో హత్య, కోర్టు, గుహలో తప్పిపోవడం, ఇలా ఉత్కంఠ తగ్గదు. ఒక్క సంగతి: నల్లజాతివాళ్ల గురించీ అమెరికా ఆదివాసుల గురించీ ఆ కాలపు మనుషులు మాట్లాడిన తీరు ఈ కథల్లో ఉంటుంది. దాటేయకుండా అప్పటి బానిసత్వం గురించి వాడితో రెండు మాటలు మాట్లాడండి. 11 ఏళ్లవాడికి అన్యాయం గురించి బాగా అర్థమవుతుంది. మనం అనుకునే దానికంటే సూటిగా అడుగుతాడు కూడా.

నవ్వే పిల్లాడైతే మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టర్ పార్వతీశం మొదటి భాగం చదివి వినిపించండి. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరి, మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని తిరిగే చోట మీకే చదవడం సాగదు నవ్వుతో. భాష కొంచెం పాతది కాబట్టి ఇది వాడంతట వాడు చదివే పుస్తకం కాదు, తప్పకుండా ఎవరైనా వినిపించాల్సిందే. గోదావరి జిల్లా యాస వచ్చిన తాతగారో మామయ్యో దొరికితే ఇంకా మంచిది. ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు కూడా అంతే. పిల్లాడు తన మాటల్లో చెబుతున్నట్టు రాసిన పుస్తకం కాబట్టి పైకి చదివితేనే పండుతుంది. బుడుగు వయసు చిన్నది కదా, మా వాడికి నప్పుతుందా అని అడుగుతుంటారు. నా అనుభవంలో ఏడేళ్ల వాళ్లకంటే పదకొండు, పన్నెండేళ్ల వాళ్లే దానికి ఎక్కువ నవ్వుతారు. చిన్నపిల్లాడు పెద్దవాళ్ల లోకాన్ని ఎక్కడ అపార్థం చేసుకున్నాడో పసిగట్టగలిగిన వయసు ఇది.

ఈ చదివి వినిపించే పని వీలైతే మీవారు చేస్తే బాగుంటుంది. మీరు చేయలేరని కాదు. హోంవర్కు, యూనిట్ టెస్టులు, ట్యూషన్ అన్నీ మీ గొంతుతోనే నడుస్తుంటాయి కాబట్టి, పుస్తకం కూడా అదే గొంతులో వస్తే వాడికి అదింకో పాఠంలా వినిపిస్తుంది. పైగా చాలా ఇళ్లలో మగపిల్లలకి పుస్తకాలు ఇచ్చేది అమ్మ, అడిగేది టీచరమ్మ, లైబ్రరీలో కూర్చునేది నాలాంటి ఆడమనిషి. చదవడం మగవాళ్ల పని కాదన్న ఊహ ఎవరూ చెప్పకుండానే వాళ్లకి కలుగుతుంది. నాన్న మంచం మీద పడుకుని పుస్తకం పట్టుకున్న దృశ్యం ఆ ఊహని చెరిపేస్తుంది. మీవారికి కుదరదంటే బాబాయి, తాతయ్య, ఇంజనీరింగ్ చదివే మేనబావ, ఎవరైనా సరే.

ఇక వాడే చదువుకునే పుస్తకాల సంగతి. తెలుగులో ఈ వయసుకి పనికొచ్చే నిధి చందమామ సీరియళ్లు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. కానీ దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో రాసిన తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియళ్లలో కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. పాత పుస్తకాల కొట్లలో విడి సంచికలూ దొరుకుతుంటాయి. వాటి గొప్ప ఏమిటంటే వాక్యాలు చిన్నవి, మాటలు తేలిక, కథలో మాత్రం మాంత్రికులు, సముద్రాలు, శిథిల నగరాలు, సైన్యాలు ఉంటాయి. చిన్న వాక్యాల్లో పెద్ద కథ, మీ వాడికి కావలసింది సరిగ్గా అదే. ప్రతి విడతా ఏదో ఒక ప్రమాదం అంచున ఆగుతుంది. బొమ్మ చూస్తే కథ సగం తెలుస్తుంది కాబట్టి తెలియని మాటల మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. కొడవటిగంటి కుటుంబరావు గారి సంపాదకత్వంలో ఆ పత్రికలో భాష మీద పెట్టిన శ్రద్ధ ఇవాళ మనకి ఇలా ఉపయోగపడుతోంది.

కామిక్స్ చదివితే అది చదవడం కాదనే అభిప్రాయం మీకుంటే దయచేసి వదిలేయండి. అమర్ చిత్ర కథ గానీ టిన్‌టిన్ గానీ, వాడు ఏది తిరగేసినా చదువుతున్నట్టే లెక్క. బొమ్మనీ మాటనీ కలిపి అర్థం చేసుకోవడం తేలిక పనేమీ కాదు. ఒకే కామిక్ పదిసార్లు చదివినా సంతోషించండి. మళ్లీ మళ్లీ చదివినప్పుడే వేగం పెరుగుతుంది.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు కూడా. స్థాయి 1 నుంచి 4 దాకా ఉంటాయి. మీ వాడికి 3, 4 చూపించండి. అందులోనూ కథల కంటే జంతువులు, అంతరిక్షం, యంత్రాల మీద ఉన్నవి ఎంచుకుంటే చిన్నపిల్లల పుస్తకమన్న భావన రాదు. సికిందరాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం వాళ్లు పాత సోవియట్ పిల్లల పుస్తకాల తెలుగు అనువాదాలని మళ్లీ వేస్తున్నారు, కొత్తవీ వేస్తున్నారు. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి వాళ్లు తెలుగులో పిల్లల పుస్తకాలకి పోటీలు పెట్టి, ఎంపికైనవాటిని అచ్చువేశారు. ఇప్పటి పిల్లలు, ఇప్పటి స్కూళ్లు ఉండే కథలు కావాలంటే వాళ్ల జాబితా తెప్పించుకుని చూడండి. జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం తెచ్చే సైన్సు పత్రిక చెకుముకికి చందా కట్టినా మంచిదే. నెలనెలా తన పేరు మీద పోస్టులో ఏదో రావడమంటే ఈ వయసులో చాలా గొప్ప.

క్రికెట్ అంటే ప్రాణమన్నారు కదా, అక్కడికి వస్తాను. ఇంగ్లీషు మీడియం అబ్బాయి కాబట్టి ఇంగ్లీషులో కూడా చదవనివ్వండి. తెలుగు ఎక్కడ పోతుందోనన్న బెంగ నాకూ ఉంది, కానీ చదవడం అనే అలవాటు ఏ భాషలో మొదలైనా రెండోదానికి పాకుతుంది. ఆర్.కె.నారాయణ్ గారి స్వామి అండ్ ఫ్రెండ్స్ 1935 నాటిది. అందులో పదేళ్ల స్వామి, రాజం, మణి కలిసి మాల్గుడి క్రికెట్ క్లబ్ పెట్టి, ఎంసీసీ అని పేరు పెట్టుకుని, బ్యాట్ల కోసం మద్రాసు కంపెనీకి ఉత్తరాలు రాస్తారు. మీ వీధిలో జట్టు కట్టి, పేరు కోసం కొట్టుకుని, బంతికి డబ్బులు పోగేసే పిల్లలు వీళ్లే. మొదట్లో స్కూలు గొడవలు ఎక్కువ, క్రికెట్ తర్వాత వస్తుందని వాడికి ముందే చెప్పండి, లేకపోతే మధ్యలో ఆపేస్తాడు. ఇదే కథ శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్ టీవీ సీరియల్లో ఉంది. రెండు భాగాలు ముందే చూపించినా నష్టం లేదు. మొహాలు తెలిసిన మనుషుల గురించి చదవడం తేలికవుతుంది.

మన వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆత్మకథ 281 అండ్ బియాండ్ 2018లో వచ్చింది. మొత్తం చదవమనకండి, పెద్దవాళ్ల పుస్తకం. 2001లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద కొట్టిన 281 గురించిన భాగం తీసి ఇవ్వండి. అంతకుముందు ఆ ఇన్నింగ్స్ వీడియో ఇద్దరూ కలిసి చూడండి. ఫాలోఆన్ ఆడుతున్న జట్టు ఎలా గెలిచిందో కళ్లతో చూశాక, ఆ రోజు ఆ మనిషి మనసులో ఏముందో తెలుసుకోవడానికి పుస్తకం తప్ప వేరే దారి లేదు. క్రికెట్ పిల్లల్ని పుస్తకంలోకి దించడానికి ఇంతకంటే మంచి ద్వారం నేను చూడలేదు.

స్కూల్లో స్నేహితులు డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్ చదువుతుంటే మీ వాడూ అడుగుతాడు. కొనివ్వండి. అందులో పిల్లాడు సోమరి, స్వార్థపరుడు, అబద్ధాలాడతాడు అని తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి గొడవపెడుతుంటారు. చదివే పిల్లలకి అది తెలుసు. వాడి తెలివితక్కువతనానికే నవ్వుతున్నారు. పేజీకి ఒక బొమ్మ, నాలుగు వాక్యాలు ఉండే ఆ పుస్తకం పూర్తిచేయగానే, మొత్తం పుస్తకం నేనే చదివాను అనే ధీమా వస్తుంది. ఆ ధీమా మీద తర్వాతి పుస్తకం నిలబడుతుంది. ఆ పైమెట్టు సత్యజిత్ రాయ్ ఫెలూదా కథలు. డిటెక్టివ్ ఫెలూదా, అతని కథలు చెప్పే తమ్ముడు తోప్షే. రాయ్ వీటిని సందేశ్ అనే పిల్లల పత్రిక కోసం 1965 నుంచి రాశారు కాబట్టి పిల్లల చేతికి ఇవ్వడానికి జంకక్కర్లేదు. కథ జైసల్మేర్ కోటకో కలకత్తా పాత ఇళ్లకో తీసుకెళ్తుంది. ఏడో తరగతికి వచ్చేసరికి మీ వాడు వీటిని అందుకోగలడు.

అడవులు, జంతువులంటే ఆసక్తి ఉంటే కెన్నెత్ ఆండర్సన్ పులి కథలున్నాయి. వాటిలో ఒక మ్యాన్‌ఈటర్ కథ మన మామండూరు చుట్టుపక్కల జరిగింది, రేణిగుంట నుంచి కోడూరు వైపు పోయే రైలు దారిలో ఉన్న ఊరది. తిరుపతి నుంచి కడప వైపు రైల్లో వెళ్లినప్పుడు కిటికీలోంచి చూపించగలిగే అడవి గురించి చదవడం వేరుగా ఉంటుంది. ఇంగ్లీషు కాస్త బరువు, కాబట్టి ముందు మీరు చదివి రాత్రిపూట తెలుగులో కథలా చెప్పండి. అప్పట్లో వేట ఎందుకు ఉండేది, ఇప్పుడు ఎందుకు లేదు అనే మాట ఎలాగూ వస్తుంది.

ఎందుకు, ఎలా అని ప్రాణం తీసే పిల్లాడైతే మహీధర నళినీమోహన్ గారిని మించినవారు తెలుగులో లేరని నా నమ్మకం. కేలండర్ కథ, పిడుగు దేవర కథ, నిప్పు కథ, ఈ పేర్లలోనే ఉంది ఆయన పద్ధతి. సైన్సుని కబుర్లలా చెప్తారు, మధ్యలో మన సామెతలు, మన పండగలు వస్తుంటాయి. మీరు కొన్న ఎన్‌సైక్లోపీడియాలో సమాచారం ఉంది గానీ మాట్లాడే మనిషి లేడు. ఆ తేడా పిల్లలకి వెంటనే తెలుస్తుంది. నండూరి రామమోహనరావు గారి విశ్వరూపం, నరావతారం ఇంకో రెండేళ్లు ఆగి ఇవ్వండి. విశ్వం గురించి ఒకటి, మనిషి పరిణామం గురించి ఒకటి.

మగపిల్లాడు కదా అని సాహసాలు, యుద్ధాలే ఇవ్వనక్కర్లేదు. రైలుబడి పేరుతో తెలుగులో దొరికే జపాన్ పుస్తకం టోటో చాన్ అనే చిన్న పాప కథ. పాత రైలు పెట్టెలే తరగతి గదులైన బడి అది. బడిలో చేరిన మొదటి రోజు హెడ్మాస్టరు ఆ పాప చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు విన్నాడు. ఆ పుట వినిపించి చూడండి. మా స్కూల్లో బాగా అల్లరి చేసే మగపిల్లలే ఆ పుస్తకాన్ని ఎక్కువసార్లు తీసుకెళ్లారు. మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు కూడా ఈ వయసుకి సరిగ్గా పట్టే పుస్తకం. నెల్లూరు జిల్లా యాసలో ఒక ముస్లిం కుర్రాడి చిన్నతనం, అమ్మానాన్న, స్నేహితులు, పండగలు. విజయవాడ చెవికి ఆ యాస మొదట కొత్తగా ఉంటుంది, రెండో కథకల్లా వాడే అనుకరిస్తాడు.

ఇప్పటికే కొన్న పుస్తకాలు పారేయకండి, కనిపించే చోట ఉంచి వాటి ఊసెత్తకండి. ఎన్‌సైక్లోపీడియాని హాల్లో టీవీ పక్కన, తెరిచి పెట్టి వదిలేయండి. జీవిత చరిత్రల విషయంలో ఒక మాట చెప్పాలి. కలాం గారి ఆత్మకథ, తెలుగులో ఒక విజేత ఆత్మకథ, ప్రతి ఇంట్లోనూ పిల్లలకి బహుమతిగా వస్తుంది. రామేశ్వరంలో గడిచిన బాల్యం దాకా ఈ వయసు పిల్లలు చక్కగా వింటారు. రాకెట్ల ప్రయోగశాలలు మొదలయ్యాక చాలామంది ఆగిపోతారు. ఆ మొదటి అధ్యాయాలు చదివి మూసేసినా ఏమీ అనకండి, పదిహేనేళ్లకి తిరిగి తీస్తాడు.

కొనేటప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. మీరు విజయవాడలో ఉన్నారు కాబట్టి ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే పుస్తక మహోత్సవం చేతి దగ్గరే ఉంది. వాడికి కొంత డబ్బు ఇచ్చి, దానితో నీకు నచ్చింది కొనుక్కో, నేను ఏమీ అనను అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. కార్ల బొమ్మల పుస్తకం కొన్నా, దెయ్యాల కథలు కొన్నా సరే. రెండో పుస్తకం మీరు కొనండి. తెలుగు పుస్తకం కొనే ముందు మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి వాడిచేత నెమ్మదిగా నాలుగు వాక్యాలు చదివించండి. ఐదారుచోట్ల ఆగిపోతే అది వినిపించే పుస్తకం, హాయిగా సాగితే చదివే పుస్తకం. అక్షరాల సైజు, వరసల మధ్య ఖాళీ కూడా చూడండి. అచ్చు చిన్నదిగా, కిక్కిరిసి ఉంటే మంచి పుస్తకం కూడా ఈ పిల్లలకి కొరుకుడుపడదు. అదే కథ పెద్ద అచ్చులో దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అది కొనండి.

అన్నీ కొననక్కర్లేదు. లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు తిరగేయడం ఈ పిల్లలకి ఒక ఆట, ఆదివారం పొద్దున ఓ గంట వదిలేయండి. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది, అంటే ఆ లైబ్రరీలకి మీరు ముందే డబ్బు కట్టేశారు. బందరు రోడ్డులో ఠాగూర్ గ్రంథాలయానికి గానీ, మీ ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయానికి గానీ వెళ్లి వాడి పేరు మీద సభ్యత్వం తీసుకోండి. కార్డు మీద తన పేరు ఉండాలి, మీది కాదు.

ఇంట్లో రెండు మూడు పద్ధతులు మానేస్తే మీ పని సగం తేలికవుతుంది. పుస్తకం చదివాక ఏం నేర్చుకున్నావు, నీతి ఏమిటి అని అడగకండి. చుట్టాలొచ్చినప్పుడు, ఫలానా పుస్తకం చదివాడు, ఆ కథ చెప్పరా అని నిలబెట్టకండి. పుస్తకానికింత అని డబ్బులు పెట్టకండి, డబ్బు ఆగిన రోజు చదువూ ఆగుతుంది. ముప్ఫై పేజీలు చదివి నచ్చలేదంటే మూసేసే హక్కు వాడికి ఉండాలి, మనకి ఉన్నట్టే. మీకు కథ గురించి మాట్లాడాలనిపిస్తే ప్రశ్న అడగకుండా మీ అభిప్రాయం చెప్పండి: ఆ ఒంటికాలి వాణ్ణి నేనైతే ఓడ ఎక్కనిచ్చేదాన్ని కాదు అనండి. వాడు ఊరుకోడు, వాదనకి దిగుతాడు.

ఫోన్ గురించి కూడా రాశారు. ఫోన్ లాక్కుని ఆ చేతిలోనే పుస్తకం పెడితే పుస్తకం శిక్ష అవుతుంది. ఆ రెండింటికీ ముడిపెట్టకండి. ఫోన్‌కి వేళ వేరు, దానికి నియమాలు వేరు. చదివి వినిపించే వేళ పడుకునే ముందు పెట్టుకోండి. ఆ కాసేపు ఇంట్లో ఎవరి ఫోనూ ఆ గదిలో ఉండకూడదు, మీవారిది కూడా. లైటు ఆర్పేది మరో పావుగంట వాయిదా వేస్తే చాలు, చాలామంది పిల్లలు ఆ పావుగంట కోసమే పుస్తకం తీస్తారు.

వేసవిలో ఎన్ని పుస్తకాలు చదివించవచ్చు అన్నది లెక్కపెట్టుకోకండి. కాంచన ద్వీపం వినిపించడం, రెండు చందమామ సీరియళ్లు, ఒక వింపీ కిడ్, వాడికి నచ్చినన్ని కామిక్స్, ఇంతవరకు జరిగితే ఈ సెలవులకి చాలు. ఏడో తరగతి పుస్తకాలు జూన్‌లో వచ్చినప్పుడు తెలుగు వాచకంలో కథ పాఠాన్ని స్కూలు తెరవకముందే వాడంతట వాడు తిరగేశాడేమో గమనించండి. తిరగేసి ఉంటే అప్పుడు దర్గామిట్ట కతలు, ఫెలూదా బయటికి తీయండి. ఇంకా తీయకపోతే టామ్ సాయర్ మొదలుపెట్టి వినిపిస్తూ ఉండండి, ఎనిమిదో తరగతి దాకా వినిపించినా తప్పులేదు.